వెళ్ళినంత తిరిగి రావాలి

సిద్దేశు దగ్గర మొదట ఉన్నది పద్దెనిమిది వేల ఆరువందల నలభై రూపాయలు, ఇంటెడు తెలివి. డబ్బు ఎప్పుడో ఒకప్పుడు అయిపోక తప్పదు. తెలివిని మాత్రం ఆ ఇంట్లో ఎవరూ ఖర్చుపెట్టిన పాపాన పోలేదు కాబట్టి, తాతల నాటిది తాతల నాటిలాగే భద్రంగా ఉంది.

"ఊళ్ళో ఏ కొంపలో చూసినా తలకాయలు ఎక్కువ, తెలివి తక్కువ," అనేది నాయనమ్మ చిట్టెమ్మ. "మన ఇంట్లో తలకాయలు నాలుగు, తెలివైనవి నాలుగు. లెక్క సరిపోయింది."

ఆ నాలుగూ ఎవరివంటే నాయనమ్మది, నాన్న గవర్రాజుది, అమ్మ పల్లాలమ్మది, సిద్దేశుది. అందులో సిద్దేశుది లెక్కల తలకాయ. ఎంతలో ఎంత పోతే ఎంత అని అడిగిన నోరు మూసేలోపు జవాబు చెప్పేవాడు. ఆ ధైర్యంతోనే ఇడ్లీ పిండి వ్యాపారం పెట్టాడు. గ్రైండరుకు పదకొండు వేల అయిదువందలు, బియ్యానికీ మినుములకూ నాలుగు వేల రెండువందలు. మిగిలింది రెండు వేల తొమ్మిదివందల నలభై.

గ్రైండరుకు కొత్త ప్లగ్గు బిగించడానికి కరెంటు పని చేసే యాకూబు వచ్చాడు. ప్లగ్గు బిగించి, గోడ మీద బోర్డు చూసి పెదవి విరిచాడు.

"తమ్ముడూ, ఇందులో ఆర్‌సీసీబీ లేదు. నీళ్ళతో పని చేసే చోట, గ్రైండరు, గీజరు, బట్టల మిషను, పెరట్లో మోటారు, తడి చేత్తో తాకే ప్లగ్గు, వీటన్నిటికీ అది ఉండి తీరాలి. మామూలు ఫ్యూజు వైరును కాపాడుతుంది. ఇది మనిషిని కాపాడుతుంది."

"మరి పైనున్న ఆ దీపానికో?" అన్నాడు సిద్దేశు.

"అది చెయ్యి అందని చోట ఉంది కదా, దానికి అంత తొందర లేదు. ముందు వీటికి పెట్టించు. డబ్బా పంతొమ్మిది వందలు, నా కూలి మూడు వందలు."

యాకూబు అటు వెళ్ళాడో లేదో, సిద్దేశు ఇటు లెక్క తేల్చేశాడు. "అమ్మా! చెయ్యి అందితే రెండు వేల రెండువందలు. చెయ్యి అందకపోతే సున్నా."

అంతే. నలుగురూ కలిసి గ్రైండరును అటక మీదికి ఎక్కించారు. ఇంకేముంది, చెయ్యి అందలేదు. పల్లాలమ్మ నిచ్చెన మీద నిలబడి, వెదురు కర్రకు గరిటె కట్టి పిండి కలిపింది. గవర్రాజు కిందినుంచి నానబెట్టిన బియ్యం గుప్పిళ్ళతో పైకి విసిరాడు. పది గింజలు వేస్తే రెండు గ్రైండరులో పడ్డాయి, ఎనిమిది నాయనమ్మ నెత్తిన పడ్డాయి.

"అక్షింతలు చాలర్రా," అంది నాయనమ్మ. "ఈ వయసులో నాకు మళ్ళీ పెళ్ళేమిటి?"

మర్చిపోయిన పట్టకారు కోసం తిరిగి వచ్చిన యాకూబు ఆ వైభవం చూసి, నవ్వాలో ఏడవాలో తెలియక గుమ్మం పట్టుకున్నాడు. "బాబూ, దాన్ని కిందికి దించండి. నేను డబ్బా తెచ్చి బిగిస్తా. డబ్బుల మాట తర్వాత!" అని పరుగెత్తాడు.

దించమన్నాడు గానీ దేనితో దించాలో చెప్పలేదు. గ్రైండరుకు వైరు ఉంది కదా! బావిలోకి చేద వదిలినట్టు, వైరు పట్టుకుని నెమ్మదిగా దించారు. అటక అంచుకు రాసుకుని వైరు మీది తొడుగు జానెడు మేర ఊడిపోయింది.

"పోనీలే, బరువు తగ్గింది," అన్నాడు గవర్రాజు.

యాకూబు వచ్చేసరికి గ్రైండరుకు పసుపు రాసి, పాత చీర కప్పి కూర్చోబెట్టారు. అతను బోర్డులో డబ్బా బిగించి, సిద్దేశును దగ్గరికి పిలిచాడు.

"శ్రద్ధగా విను. ఒక వైరులో వెళ్ళిన కరెంటు రెండో వైరులో తిరిగి రావాలి. వెళ్ళినంతా తిరిగి వచ్చిందా లేదా అని ఈ డబ్బా కాపలా కాస్తుంది. కాస్త తగ్గిందంటే చాలు, ఎవరి ఒంట్లోంచో నేలలోకి పోతోందని మీట టప్పున పడిపోతుంది. పడితే ఊరికే లేపకు. బయటికి పోయిందేమిటో ముందు వెతుకు. ఇదిగో, ఈ బొత్తాం నెలకోసారి నొక్కి చూడాలి. నొక్కగానే మీట పడాలి. పడితే డబ్బా మంచిదన్నమాట."

"వెళ్ళినంత తిరిగి రావాలి," అన్నాడు సిద్దేశు, కళ్ళు మెరిశాయి. కూడికలూ తీసివేతలూ తెలిసిన డబ్బా! వాడికి ఆ ఇంట్లో ఇన్నాళ్ళకు ఒక తోడు దొరికినట్టయింది.

యాకూబు వెళ్ళగానే బొత్తాం నొక్కాడు. మీట టప్పున పడింది. "మంచిది!" అని నలుగురూ చప్పట్లు కొట్టారు. నాయనమ్మ కొబ్బరికాయ కొట్టింది. పడాలన్నాడు గానీ మళ్ళీ లేపమని యాకూబు చెప్పలేదు. అందుకని లేపలేదు. ఫ్యాను తిరగలేదు, దీపం వెలగలేదు, గ్రైండరు కదల్లేదు. రెండు రోజుల పాటు చెమటలు తుడుచుకుంటూ, "ఎంత మంచి డబ్బానో!" అని మురిసిపోయారు. నానబెట్టిన మినుములకు మొలకలొచ్చాయి. మూడో రోజు సాలెగూడు దులుపుతుంటే నాయనమ్మ చీపురు తగిలి మీట లేచింది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ మంచితనం ఏడాది సాగేది.

ఆ పూట రుబ్బిన మూడు కిలోల్లో ఒక కిలో పక్క వీధి టీచరమ్మ కొంది. రెండు కిలోలు సెంటర్లో టిఫిను హోటలు నడిపే కాంతమ్మ తీసుకుంది.

"చూడు సిద్దేశూ, మంగళవారం దీంతో ఇడ్లీ వేసి చూస్తా. బుధవారం పొద్దున ఆరింటికి పది కిలోలు తెచ్చావా, ఇక రోజూ పది కిలోలు నీ దగ్గరే. ఆరు దాటిందా, నీ దారి నీది, నా దారి నాది," అంది కాంతమ్మ.

రోజుకు పది కిలోలు! నెలకు మూడు వందలు, ఏడాదికి మూడు వేల ఆరువందల యాభై! సిద్దేశుకు నిద్ర పట్టలేదు.

మంగళవారం పొద్దున్నే పల్లాలమ్మ గ్రైండరు తిప్పింది. పిండి గట్టిపడుతోందని నాలుగు గ్లాసుల నీళ్ళు ఒలకబోసుకుంటూ పోసింది. అంతే, మీట టప్పున పడింది.

"అబ్బ! చేతికి చీమ కుట్టినట్టుందిరా," అంది పల్లాలమ్మ.

"చీమ సంగతి తర్వాత. బయటికి పోయి తిరిగి రానిదేమిటో చూడాలి," అన్నాడు సిద్దేశు. ఇల్లంతా చూశాడు. "అమ్మా! నాన్నేడీ?"

గవర్రాజు గడ్డం గీయించుకోవడానికి వెళ్ళాడు. ఇంకేముంది, సిద్దేశు పరుగున వెళ్ళి, సగం గడ్డం, సగం నురగతో ఉన్న తండ్రిని చెయ్యి పట్టి లాక్కొచ్చాడు. ఈలోగా వైరు మీది తడి ఆరింది. మీట లేపితే నిలబడింది.

"చూశావా నాన్నా! నీ ఒక్కడి లెక్కే తక్కువైంది."

పల్లాలమ్మ మళ్ళీ నీళ్ళు పోసింది. మీట టప్పున పడింది.

"నిన్న పక్కింటి సత్తిరాజుకు చేపల పులుసు పంపాం కదురా," అంది నాయనమ్మ. "గిన్నె వచ్చింది గానీ పులుసు రాలేదు."

సిద్దేశు గోడ మీంచి తొంగిచూశాడు. "బాబాయ్, మా పులుసేదీ?"

"తినేశాను కదరా! బాగుంది, చింతపండు కాస్త ఎక్కువైంది."

"అయితే పులుసు నీలోనే ఉందన్నమాట. నువ్వే రా!"

సత్తిరాజును తీసుకొచ్చి బల్ల మీద కూర్చోబెట్టారు. వైరు ఆరింది, మీట నిలబడింది. "ఒరేయ్, నన్నెప్పుడు పంపుతార్రా?" అన్నాడు సత్తిరాజు. "అరిగాక," అంది నాయనమ్మ.

మళ్ళీ నీళ్ళు. మళ్ళీ టప్పు. ఈసారి సిద్దేశు నుదురు కొట్టుకున్నాడు. "ఛీ, ఎంత పొరపాటు! మూడు కిలోల పిండి బయటికి పోలేదూ!"

టీచరమ్మ ఇంట్లో పిండి అప్పటికే పెనం మీద దోసెగా ఉంది. దోసెతో సహా పెనం తెచ్చాడు. వెనకాలే అట్లకాడ ఎత్తుకుని టీచరమ్మ వచ్చింది. కాంతమ్మ హోటల్లో ఇడ్లీలు ఆవిరి మీద ఉన్నాయి. "పిన్నీ, క్షణంలో తెస్తా," అని ఇడ్లీ పాత్ర నెత్తిన పెట్టుకుని పరుగు లంకించుకున్నాడు. "దొంగవెధవా! ఆగు!" అని గరిటెతో కాంతమ్మ, ఆమె వెనక ప్లేట్లు పట్టుకుని ఎనిమిది మంది గిరాకీ, ఆ ఎనిమిది మందిలో చట్నీ గిన్నె వదలకుండా యాకూబు.

ఇల్లు కిక్కిరిసింది. సిద్దేశు మీట లేపాడు. పల్లాలమ్మ నీళ్ళ చెంబు ఎత్తింది.

"ఆగక్కా!" అని యాకూబు అరిచిన అరుపుకు చెంబు ఆమె చేతిలోనే బిగుసుకుపోయింది.

అతను మెయిన్ ఆపేసి, గ్రైండరు మీది పాత చీర తొలగించి వైరు పైకెత్తి చూపించాడు. జానెడు మేర రాగి బయటపడి, నీళ్ళోడుతోంది. కింద నేలంతా తడి. ఆ తడిలోనే పల్లాలమ్మ ఒట్టి కాళ్ళతో గొంతుక్కూర్చుంది.

"పొద్దుటినుంచి ఎన్నిసార్లు పడింది?"

"మూడు," అన్నాడు సిద్దేశు.

"మూడుసార్లు ఆ డబ్బా మీ అమ్మను నీకు తిరిగి ఇచ్చింది తమ్ముడూ. అది లేకపోతే చీమ కుట్టినట్టు ఉండేది కాదు."

సిద్దేశు వెళ్ళి అమ్మ పక్కన ఆ తడిలోనే కూలబడ్డాడు. ఆమె కొంగు పట్టుకుని గట్టిగా పిండాడు. నాయనమ్మ లేచి డబ్బాకు ఇంత బొట్టు పెట్టబోతే, యాకూబు ఆ తడి చెయ్యి పట్టుకుని ఆపాడు.

చెడిన ముక్క కత్తిరించి, యాకూబు కొత్త వైరు వేశాడు. ఎలాగూ ఇడ్లీలు ఉడికాయి కాబట్టి కాంతమ్మ అందరికీ అక్కడే వడ్డించింది. ఒకటి తాను తుంచుకుని నోట్లో వేసుకుంది. ఇంకొకటి వేసుకుంది.

"నీకు బుర్ర లేదు గానీ పిండి దూదిలా ఉందిరా," అంది. "రేపు ఆరింటికి పది కిలోలు. మర్చిపోకు."

యాకూబు వెళ్ళేముందు పాఠం అప్పగించమన్నాడు. సిద్దేశు గడగడా చెప్పేశాడు. "తడి తగిలే చోట డబ్బా ఉండాలి. నెలకోసారి బొత్తాం నొక్కాలి, నొక్కాక లేపాలి. మీట పడితే ముందు ప్లగ్గులు పీకాలి, నిన్ను పిలవాలి. వైరు పట్టుకుని దేన్నీ దించకూడదు."

"శభాష్!" అన్నాడు యాకూబు. పెనం పట్టుకుని టీచరమ్మ, పొట్ట పట్టుకుని సత్తిరాజు, అందరూ వెళ్ళిపోయారు. పల్లాలమ్మ చెంబెడు నీళ్ళు పోసినా మీట కదల్లేదు. సాయంత్రానికి పది కిలోల పిండి గిన్నెల్లోకెక్కింది.

సిద్దేశు మాత్రం డబ్బా ముందు నిలబడి ఆలోచిస్తున్నాడు.

"ఏంట్రా?" అంది నాయనమ్మ.

"రేపు పది కిలోలు బయటికి పోతుంది నాయనమ్మా. యాకూబన్న వైరు సంగతి చూశాడు గానీ, ఈ సంగతి చూడలేదు. కిలోకు ఇరవయ్యారు ఇడ్లీలు. మొత్తం రెండు వందల అరవై. మనిషికి నాలుగు చొప్పున తింటే అరవై అయిదు మంది. పులుసు సత్తిరాజు బాబాయిలో ఉన్నట్టే, పిండి ఆ అరవై అయిదు మందిలో ఉంటుంది."

"అంటే అరవై అయిదు మందీ మనింటికి రావాలి," అన్నాడు గవర్రాజు, మిగిలిన సగం గడ్డం గోక్కుంటూ.

"కూర్చోవడానికి చాపలు కావాలి కదా," అంది పల్లాలమ్మ. "మనకున్నవి మూడే."

అరవై అయిదులో మూడు పోతే అరవై రెండు. ఆ మాట ఆమె నోట్లో ఉండగానే సిద్దేశు చెప్పులు తొడుక్కున్నాడు. ముందు సత్తిరాజు బాబాయి ఇంట్లో ఎన్ని చాపలున్నాయో అడుగుదామని గుమ్మం వైపు నడిచాడు.