చెదరకూడదని దువా

సంగమేశ్వర శెట్టికి వచ్చే సోమవారం వేలూరులో గుండె ఆపరేషన్. ఇంట్లో అందరూ బిక్కచచ్చిపోయి తిరుగుతుంటే ఆయన మాత్రం నిబ్బరంగా ఉన్నాడు. డాక్టరు మీద ఆయనకు నమ్మకం ఉంది. తన గుండె మీద అంతకంటే ఎక్కువ నమ్మకం ఉంది. ఆయన దిగులంతా నాణేల గురించే.

ప్రొద్దుటూరులో ఆయనకు బంగారు కొట్టు ఉంది. ఆ ఊళ్లో పాత బంగారం ఏదొచ్చినా మూసలో కరిగి, గాజులై గొలుసులై బయటికి వెళ్తుంది. రాజులు వేయించిన వరహాలకైనా అదే గతి. శెట్టి ఒక్కడే వాటిని కరగనివ్వకుండా, వయసులో ఉన్నప్పటి నుంచీ ఏరి దాచుకుంటూ వచ్చాడు. ఆయన దగ్గరున్నంత సరుకు ఇంకెవరి దగ్గరా లేదని ఆయన చెబితే కోతలనుకోవచ్చు. ఆయనంటే గిట్టనివాళ్లు కూడా ఆ మాటే చెబుతారు మరి.

గురువారం ఉదయం ఆయన మైదుకూరు దారిలో ఉన్న చిన్న దర్గాకు వచ్చాడు. అక్కడ ఉండే ఇనాయతుల్లా బాబా ఆయనకు గురువు. పెళ్లికి ముందు నుంచీ శెట్టి ప్రతి గురువారం వచ్చి ఆయన దగ్గర కూర్చుంటాడు. బాబా పెద్దగా ఏమీ చెప్పడు. వారమంతా కొట్లో బేరాలు విని విని వచ్చే మనిషికి అదే హాయిగా ఉండేది.

ఈసారి శెట్టి ఒట్టి చేతులతో రాలేదు. ముఖమల్ పరిచిన చెక్క పళ్ళెంలో తన నాణేల్లో మేలైనవి ఏరి పెట్టుకుని తెచ్చాడు.

“బాబా, నాకొక దువా కావల్ల,” అన్నాడు.

“గుండెకా?”

“గుండెకు డాక్టరుండాడు. దీనికి,” అని పళ్ళెం ముందుకు జరిపాడు. “నేనున్నా పోయినా ఇది చెదరకూడదు. ఒక్క కాసు గూడ బయటికి పోకూడదు. ఇనప తలుపుల గది కట్టించినా. ట్రస్టు రాయిస్తాండా. తలుపు మీద నా పేరుంటుంది. మనిషి చేయాల్సిందంతా నేను చేసినా. మిగిలింది పైవాడు చేయల్ల.”

“ఇంట్లోవాళ్లు ఏమంటారు?”

శెట్టి ముఖం మాడిపోయింది. “మొన్న మా అల్లుడు అడిగినాడు బాబా, మొత్తం ఎన్ని గ్రాములుంటాయి మామా అని. గ్రాములు!”

బాబా నవ్వు ఆపుకోలేకపోయాడు. శెట్టికి మాత్రం నవ్వు రాలేదు. తను కళ్లు మూయగానే అల్లుడు తక్కెడ తెస్తాడని ఆయనకు నిజంగానే భయం. చావు కంటే ఆ తక్కెడకే ఎక్కువ భయపడుతున్నాడు.

“మ్యూజియానికి ఇస్తే?” అన్నాడు బాబా.

“నా మాదిరే నాణేలు ఏరే ఒకాయన అట్లనే ఇచ్చినాడు. మూట గూడ విప్పకుండా నేలమాళిగలో పెట్టినారు. చూసేవాడు లేడు, అడిగేవాడు లేడు.”

“సరే, దువా చేస్తా,” అన్నాడు బాబా. “అయితే ముందు ఒక పని ఉంది. నీ మాదిరే చెదరకూడదని ఎవరన్నా దాచుకోని, వాళ్లది చెదిరిపోతే నీ చేతికి వచ్చినవి ఉంటే, తీసి పక్కన పెట్టు. వాటి మీద ఇంకొకరి దువా ముందే ఉంటుంది. మిగిలినవాటికి నేను చేస్తా.”

“దానికేం భాగ్యం,” అని శెట్టి భుజం మీది తుండుగుడ్డ తీసి పక్కన పరిచాడు.

మొదట రెండు తలల పక్షి ఉన్న వరహాను అంచులు పట్టి ఎత్తాడు. “గండభేరుండం. నంద్యాల ప్లీడరుగారిది. బతికినన్నాళ్లూ పెండ్లానికి గూడ తాళంచెవి ఇయ్యలేదు మహానుభావుడు. ఆయన పోయినాడని తెలిసిన ఘడియలోనే బస్సెక్కినా. ఒక కొడుకును ఓదార్చినా, ఇంకో కొడుకుతో బేరమాడినా. తిరిగి వస్తా బస్సులో పాట ఎత్తుకున్నా బాబా! పక్కనోడు నేను తాగినాననుకోని లేచిపోయినాడు.”

ఆ వరహా తుండుగుడ్డ మీదికి వెళ్లింది.

తర్వాత ఓడ బొమ్మ ఉన్న సీసపు కాసు. “ఇది కోస్తాలో ఒక జమీందారుది. తాతల నాటి నుంచి కూడబెట్టినారు. ఆఖరికి మద్రాసులో వేలానికి వచ్చింది. దేశమంతా ఎగబడి తలా ఒక పిడికెడు పట్టుకోని పోయినారు. దీనికి ఒక బొంబాయి సేటు నాతో పోటీ పడినాడు. నేను తగ్గితే కదా! పాట నా పేరున కొట్టేసినప్పుడు నా కాళ్లు నేల మీద లేవు.”

అదీ వెళ్లింది.

గోరంత బంగారు పణాల దగ్గరికి వచ్చేసరికి శెట్టి కొంచెం తటపటాయించాడు. “ఇవి సిద్ధవటం పక్క ఒక చేన్లో దొరికినాయి. ఎప్పుడో ఎవడో, దండు వస్తాందని కుండలో పెట్టి పూడ్చిపోయినాడు. మళ్లీ రాలేదు. నాగలి తగిలి కుండ పగిలింది. ఇవి గూడ లెక్కలోకి వస్తాయా బాబా?”

“పూడ్చినవాడు చెదిరిపోవాలని పూడ్చినాడా?”

శెట్టి వాటిని కూడా జరిపాడు.

ఇక ఆయనకు ఊపు వచ్చింది. ఒక్కొక్కటీ ఎత్తడం, దాని కథ చెప్పడం, గుడ్డ మీద పెట్టడం. చెబుతున్నకొద్దీ ఆయన ముఖం విచ్చుకుంది. ఆపరేషన్ మరిచిపోయాడు. అల్లుణ్ణి కూడా మరిచిపోయాడు. ఒక రాగి కాసు దగ్గర మాత్రం గొంతు తగ్గింది.

“ఇది బందరు డాక్టరుగారిది. నన్ను తమ్ముడూ అని పిలిచేవాడు. చివరి రోజుల్లో నా చెయ్యి పట్టుకోని, చెదరనీయొద్దు తమ్ముడూ అన్నాడు.”

“మరి?”

“నాకు కావాల్సినవి నేను తీసుకున్నా.” శెట్టి తల ఎత్తలేదు. ఇన్నేళ్లలో ఆయన ఈ మాట ఎవరితోనూ అనలేదు. అన్నాక సిగ్గేసింది. ఆ కాసును ఎంతో జాగ్రత్తగా గుడ్డ మీద పెట్టి, ఇంకోదాని కోసం పళ్ళెంలోకి చెయ్యి పెట్టాడు.

చేతికి ముఖమల్ గుడ్డ తగిలింది.

బాబా అప్పటికే కళ్లు మూసుకుని, రెండు చేతులూ పైకెత్తి దువా మొదలుపెట్టబోతున్నాడు.

“బాబా, పళ్ళెంలో ఏమీ లేదు,” అన్నాడు శెట్టి.

బాబా కళ్లు తెరిచాడు గానీ చేతులు దించలేదు.

“అయితే అన్నిటికీ కలిపి చేస్తాలే. ఎవరిది గానీ, ఎక్కడ గానీ, ఇంక ఎప్పటికీ చెదరకూడదని. నువ్వు బస్సులో పాట పాడిన రోజు, నీ కాళ్లు నేల మీద నిలవని రోజు, అన్నీ ఎవరిదో ఒకరిది చెదిరిన రోజులే శెట్టీ. అట్లాంటి రోజు ఇంకెవరికీ రాకుండా చేయమంటాండావు. చేసేదా?”

శెట్టి గుడ్డ మీది నాణేలను ఒకసారి చూశాడు. తర్వాత ముందుకు వంగి, బాబా ఎత్తిన చేతులను తన రెండు చేతులతో పట్టుకుని మెల్లగా కిందికి దించాడు.