పసిపాప చెవికి మూడు తీగలు

ఒకప్పుడు బంగారం, వెండి, రాగి మూడూ ఒకే రంగులో ఉండేవి. ఏ రంగంటారా? బూడిదగుమ్మడికాయ రంగు. గట్టిదనం కూడా ఒకటే. పక్కపక్కన పెడితే, కన్నతల్లి భూదేవికి కూడా ఏది ఏదో తెలిసేది కాదు.

రాళ్ళ సంగతీ అంతే. కెంపు, పచ్చ, నీలం అన్నీ వడగళ్ళలా ఉండేవి. ఆ గొడవ ఇప్పుడు ఎత్తుకుంటే నాకూ మతిపోతుంది, మీకూ మతిపోతుంది. అందుకని లోహాల సంగతే చెప్పుకుందాం.

జనం తికమకపడి చచ్చేవారు. ఒకాయన ఏడేళ్ళపాటు బంగారు గిన్నెలో ఉలవలు ఉడకబెట్టి ఎద్దులకు పెట్టాడు. ఒకావిడ రాగి గాజులు వేసుకుని, బంగారమే అనుకుని, ఊరంతా చేతులు ఊపుకుంటూ తిరిగింది. ఆయనకూ తెలియదు, ఆవిడకూ తెలియదు. మరి నీకెలా తెలిసిందంటారా? మధ్యలో అడ్డు రాకండి.

మనుషులకు తెలియకపోయినా, ఎవరు ఏమిటో ఆ లోహాలకు తెలుసు. ఆ రోజుల్లో అవి మాట్లాడేవి కూడా. అసలు చిక్కంతా అక్కడే ఉంది. నోరున్నవాళ్ళంతా నిజమే చెప్తారా ఏమిటి?

అలాంటి కాలంలో వీరాచారి అనే కంసాలి ఉండేవాడు. చేతిపని మహా నాజూకు. చీమకు ముక్కుపుడక చెయ్యమన్నా చేస్తాడనేవారు. కానీ తన బరిణెలో ఉన్న మూడు తీగల్లో బంగారపు తీగ ఏదో మాత్రం అతనికి తెలియదు. తూచి చూడొచ్చుగా అంటారేమో. వెంట్రుకంత తీగకు బరువేం తెలుస్తుంది?

ఒకరోజు పొద్దున్నే నూకాలమ్మ అనే ముసలమ్మ మనవరాలిని ఎత్తుకుని వచ్చింది. పిల్ల పేరు నీలవేణి. పదకొండు నెలలది. చెవులు కుట్టించాలి.

"బాబూ ఆచారీ, పసిగుంట సెవి. బంగారం తప్ప ఇంకోటి పెడితే పుండైపోద్ది. జాగర్త నాయినా!" అంది నూకాలమ్మ.

ఆచారి బరిణె మూత తీశాడు. మూడు తీగలూ ఒకేలా మెరిశాయి.

"మీలో బంగారం ఎవరమ్మా?" అని అడిగాడు.

"నేనే! నేనే!" అంది మొదటి తీగ. నిజానికి అది రాగి. పాపం, దాని చుట్టాలందరి బతుకూ పొయ్యి మీదే. కాగులో నీళ్ళు, కింద మంట. ఒక్కసారైనా ఒక పసిపిల్ల బుగ్గ పక్కన చల్లగా ఉండాలని దానికి ఎంతో ఆశ. అందుకే అబద్ధమాడింది.

రెండో తీగ వెండి. దానికి అంతా తెలుసు. 'మనకెందుకొచ్చిన గొడవ' అనుకుని నోరు మెదపలేదు.

మూడోదే బంగారం. అది నీలవేణి వైపు చూసింది. పిల్ల ఆచారి మీసం చూసి కిలకిలా నవ్వుతోంది.

"నన్ను వదిలెయ్ ఆచారీ. నా మొన గట్టిది. అంత మెత్తటి చెవిని నేను గుచ్చలేను," అంది బంగారం.

ఆచారికి తల తిరిగింది. ఒకటి నేనే అంటోంది. ఒకటి ఏమీ అనడం లేదు. ఒకటి రానంటోంది. 'బంగారమైతే రానంటుందా? పసిపాప చెవికెక్కడమంటే ఎంత గౌరవం! ఇదేదో పనికిమాలిన తగరం అయి ఉంటుంది' అనుకుని, అసలు బంగారాన్ని తీసి మళ్ళీ బరిణెలో పడేశాడు.

మిగిలిన రెండిటిలో ఏది? "నువ్వు బంగారమేనా?" అని వెండిని అడిగాడు. వెండి పలకలేదు. మౌనం అర్ధాంగీకారం అన్నారు కదా, ఇది కూడా బంగారమే కాబోలు అనుకున్నాడు. ఒకటి కాకపోతే ఒకటైనా నిజమవుతుందని, ఎడమ చెవికి రాగి, కుడి చెవికి వెండి పెట్టేశాడు. ఇంత తెలివి ఇంకెవరికుంటుంది!

మూడో రోజు నూకాలమ్మ పరుగెత్తుకొచ్చింది. పిల్లను ఆచారి ముందు చాపమీద పడుకోబెట్టింది.

"సూడయ్యా ఆచారీ! ఇవి సెవులా, బూరెలా? ఒళ్ళు కాలిపోతంది. నిన్నట్నుంచి గుక్కెడు పాలు తాగలేదు. ఏటి పెట్టావయ్యా నా పిల్లకి?"

ఆచారి వంగి చూశాడు. రెండు చెవులూ వాచి ఉన్నాయి. మీసం చూపించినా పిల్ల నవ్వలేదు. కళ్ళు గట్టిగా మూసుకుని ఏడుస్తోంది.

"ఏది తియ్యాలి? ఏది పెట్టాలి? రెండూ తప్పేనా? మళ్ళీ తప్పు పెడితే పిల్ల దక్కుతుందా?" అని ఆచారి జుట్టు పీక్కున్నాడు. ఈసారి అతనికి నిజంగా భయమేసింది. నాకూ ఇక్కడికొచ్చేసరికి భయమేస్తుంది.

వెల్లకిలా పడుకున్న పిల్ల ఏడిస్తే కన్నీళ్ళు ఎటు పోతాయి? చెవుల్లోకే పోతాయి. ఎడమ కంటి నీరు జారి రాగిని తాకింది. కుడి కంటి నీరు జారి వెండిని తాకింది. రెండూ ఉప్పగా, వేడిగా ఉన్నాయి.

"అయ్యో, నేను రాగిని! నన్ను తీసెయ్ ఆచారీ! అబద్ధం చెప్పాను!" అని రాగి గోలపెట్టింది. సిగ్గుతో దాని ఒళ్ళంతా ఎర్రబడింది. కన్నీరు తాకినచోట మాత్రం పచ్చటి చిలుము పట్టింది.

అది చూసి వెండి తెల్లబోయింది. "నాకు ముందే తెలుసు. చెప్పలేదు," అని గొణిగింది. కన్నీరు తాకినచోట దాని ముఖం నల్లబడింది.

ఆచారి రెండు తీగలూ మెల్లగా లాగేశాడు. నూకాలమ్మ పసుపు నూరి, నువ్వులనూనెలో కలిపి రెండు చెవులకూ పట్టించింది. ఇక బరిణెలో మిగిలింది ఒక్క తీగే. అంత తికమక మనిషికి కూడా ఇప్పుడు అర్థమైంది.

"తల్లీ, నిన్ను తగరమనుకున్నాను. ఈ చిల్లులు పూడకుండా, పుండు మానేలా నువ్వే ఉండాలి. వస్తావా?" అని దండం పెట్టాడు.

పిల్ల ఏడుపు వింటూ బంగారం అప్పటికే కరిగిపోయింది. ఇనుములా ఉండే తీగ వెన్నలా మెత్తబడింది. పసుపు రాసిన చెవిలోకి నొప్పి తెలియకుండా జారిపోయింది. పసుపంతా దాని ఒంటికి పట్టింది. దానిమీద కన్నీరు పడినా మరక పడలేదు. ఆ ఒక్క తీగనే రెండుగా తుంచి రెండు చెవులకూ పెట్టారు.

హమ్మయ్య అనుకున్నారా? ఆచారి కూడా అలాగే అనుకున్నాడు. నీలవేణి చెయ్యెత్తి చెవి పట్టుకుని లాగింది. మెత్తటి తీగ సాగి ఊడొచ్చింది! మళ్ళీ పెట్టాడు. మళ్ళీ ఊడింది.

"ఇదేం తిరకాసురా దేవుడా! గట్టిదేమో పుండు చేస్తుంది, మంచిదేమో నిలవదు!" అని ఆచారి కూలబడ్డాడు.

అప్పుడు నేలమీదనుంచి సన్నటి గొంతు వినిపించింది. అది రాగి.

"నన్ను గోరంత కలుపు ఆచారీ. నేను ఎవరికీ కనబడక్కర్లేదు. నా పేరు చెప్పక్కర్లేదు. లోపలుండి దాన్ని పట్టుకుంటాను."

ఆచారి బంగారం వైపు చూశాడు. ఒకసారి మోసపోయినవాడు కదా!

"రానివ్వు. దాని చుట్టూ నేనుంటాను. పిల్లకు తగలనివ్వను," అంది బంగారం.

కుంపటి రాజుకుంది. మూసలో బంగారం కరిగింది. గోరంత రాగి అందులో కలిసిపోయింది. దానితో చేసి పెట్టిన పోగులు నీలవేణి ఎంత లాగినా ఊడలేదు. నాలుగు రోజులకు వాపు తగ్గింది. తొమ్మిదో రోజు పిల్ల కడుపునిండా పాలు తాగి, ఆచారి మీసం పట్టుకుని లాగి నవ్వింది. ఆచారి మాత్రం ఏడ్చాడు.

"మరి నేనో?" అంది వెండి, ఒక మూలనుంచి.

నూకాలమ్మ దానివంక గుర్రుగా చూసింది. "సెవి కాడుండి నోరు మూసుకున్నావు గదా! ఇంక కాళ్ళ కాడుండు. పిల్ల ఎటెల్తే అటు గల్లుగల్లుమని సెప్పు!"

అప్పటినుంచే వెండి పట్టీలై పిల్లల కాళ్ళకు మోగుతోంది, ఎవరూ పట్టించుకోకపోతే ముఖం నల్లగా పెట్టుకుంటోంది. అప్పటినుంచే రాగికి చిలుము పడుతోంది, చింతపండుతో తోమితే ఆ పాత సిగ్గు మళ్ళీ ఎర్రగా బయటపడుతోంది. బంగారం పసుపుగా, మెత్తగా, మరక లేకుండా ఉంటోంది.

రాగి ఇంకెప్పుడూ "బంగారం నేనే" అనలేదు. కానీ అప్పటినుంచే, గోరంత రాగి లోపల పట్టుకోనిదే ఏ పసిపాప చెవిలోనూ బంగారు పోగు నిలవడం లేదు.