కోతల నాటి జ్యూరీ

అమెరికా గణతంత్రాన్ని తీర్చిదిద్దినవాళ్ల రాతలు చదువుతున్న నసీమాకు ఒక చిక్కు వచ్చిపడింది. ఒకరి అధికారం హద్దు మీరకుండా ఇంకొకరిని అడ్డుపెట్టి, రాజ్యాంగాన్ని అంత పకడ్బందీగా రాసుకున్నారు గదా, మళ్లీ పౌరులకు సద్గుణం ఉండాలని అంతగా పట్టుబట్టడం దేనికి? పరిశోధనకు దారి చూపుతున్న వీరరాఘవులు గారినే వెళ్లి అడిగింది. ఆయన పుస్తకం తీయలేదు. ఒక కథ చెప్పారు.

ఆ కొత్త దేశంలో ఒక చిన్న ఊరు. గోధుమ కోతల రోజులు. ఎవరిదో కొట్టం తగలబెట్టాడని ఊరూరా తిరిగి గిన్నెలకు మాట్లు వేసే ఒక పరదేశిని పట్టుకున్నారు. నేరం రుజువైతే ఏళ్ల తరబడి జైలు. పన్నెండుమంది రైతులు జ్యూరీగా, అంటే తీర్పు చెప్పే పౌరులుగా, కూర్చున్నారు; పన్నెండుమందీ ఒక్కమాట మీదికి వస్తేనే తీర్పు. కోసిన పనలన్నీ చేలల్లోనే ఉన్నాయి. పడమట మబ్బు కమ్ముకొస్తోంది. పదకొండుమంది నేరస్థుడేనని తేల్చేసి లేవబోయారు. ఏమస్ అనే రైతు మాత్రం కదల్లేదు. పొగమంచులో ఆ పరదేశిని కొట్టం దగ్గర చూశానని సాక్ష్యం చెప్పిన ముసలామెను మళ్లీ పిలిపించమని జడ్జిగారిని అడుగుదామన్నాడు. అందరికంటే ఎక్కువ పంట తడిసేది అతనిదే. ఆ మనిషి నీకేమవుతాడని పక్కవాళ్లు విసుక్కున్నారు.

"ఏమీ కాడు. ఆ గోధుమలు నావి, ఏమైనా చేసుకుంటాను. ఈ కుర్చీ నాది కాదు," అన్నాడు ఏమస్.

ముసలామెను పిలిపించారు. ఎంత దూరం నుంచి చూసిందో, ఎలా గుర్తుపట్టిందో ఒక్కొక్కటే అడిగారు. బయట వాన దంచికొట్టింది. ఆమె చెప్పినదాంట్లో ఎక్కడా తేడా రాలేదు. చివరికి ఏమస్ కూడా నేరస్థుడేనన్నాడు. ఇంటికి వెళ్లేసరికి అతని పంట నీళ్లలో తేలుతోంది.

నసీమా ఇంకా ఏదో ఉందనుకుని ఎదురుచూసింది. ఏమీ లేదు. ఆమెకు నిరాశ కలిగింది. ఆ పరదేశి నిర్దోషిగా బయటపడి ఉంటే కథకు అర్థం ఉండేది.

"తీర్పు మారలేదు, పంట పోయింది. ఇంతా చేసి ఏం దక్కింది సార్?"



"జైలుకు వెళ్తున్నవాణ్ణి అడగాల్సిన ప్రశ్న అమ్మా అది," అన్నారు వీరరాఘవులు గారు. "మబ్బును చూసి కాదు, సాక్ష్యం పూర్తిగా విని పంపారు అతన్ని; అది రాజ్యాంగంలో రాసిపెడితే వచ్చేది కాదు."