అసిరమ్మ బుగ్గన బెల్లం

కొండకు పేరు పెట్టని రోజుల్లో, ఏటికి వంతెన లేని కాలంలో, ఒక ఊళ్లో బెల్లం వండే పాక ఉండేది. ఆ పాకకు పెద్ద అసిరమ్మ. రాణీ కాదు, మునసబు కూతురూ కాదు. చెరకు మోపులు మోసీ మోసీ భుజం కాయలు కాసిన మనిషి.

ఆమె కింద ముగ్గురు. పొయ్యిలో చెరకు పిప్పి వేసి మంట చూసేవాడు పైడయ్య. పెద్ద పెనంలో మరిగే రసం మీద మడ్డి తీసేది గవరమ్మ. తెడ్డుతో పాకం కలిపేవాడు లచ్చన్న. అప్పా అని పిలిచే ఆ ముగ్గురికీ పని నేర్పింది అసిరమ్మే. నేర్పింది సరే, వదిలిందా? అబ్బే!

"పిప్పి ఎగదొయ్యరా పైడీ! అంత కాదురా! మడ్డి తియ్యవే గవరీ! అలా కాదే! తెడ్డు తిప్పరా లచ్చీ! ఎడమకిరా, ఎడమకి!"

పొద్దున్న అదే, మధ్యాహ్నం అదే, పొద్దుగూకినా అదే. ఆ ముగ్గురికీ చేతులున్నాయి, కళ్లున్నాయి. ఉండి ఏం లాభం? ఆమె చెబితేనే కదిలేవి.

ఒకరోజు అసిరమ్మ బయటికెళ్లింది. ఎందుకూ? గానుగ ఎడ్లు తోలేవాడికి ఎడ్లు తోలడం నేర్పడానికి! తిరిగొచ్చేసరికి రసం పొంగి పెనం సగం ఖాళీ. పైడయ్య చూస్తూ కూర్చున్నాడు.

"పొంగుతుంటే కనబడనేదేట్రా?"

"కనబడిందప్పా."

"మరి మంట తగ్గించవేం?"

"నువ్వు సెప్పనేదు గదా!"

తల బాదుకుంది అసిరమ్మ. రెండో పెనానికి ముగ్గురి నెత్తిమీదా నిలబడింది. పైడయ్యకు చెబుతుంటే లచ్చన్న తెడ్డు ఆగింది. లచ్చన్నను తిడుతుంటే పాకం అడుగంటింది.

చెరకు తెచ్చే రైతులకు ఒళ్లు మండింది. "ఇంకొక్క పెనం పోయిందా, చెరకు బళ్లు పక్కూరికి తోలుకుపోతాం. మీ పొయ్యిలో పిల్లులు పడుకుంటాయి" అన్నారు.

మూడో పెనం ఎక్కింది. రసం మరిగింది. అసిరమ్మ నోరు తెరిచింది. తెరిచిన నోట్లో గవరమ్మ ఇంత పాతబెల్లం గడ్డ కుక్కేసింది.

"ఇది కరిగేదాకా మాటాడకప్పా! నీకు దండం పెడతాను!"

ఆ పాకలో ఒక కట్టు ఉంది. వెలిగే పొయ్యి ముందు నోట్లో బెల్లం ఉమ్మకూడదు. ఉమ్మితే పొయ్యమ్మ తల్లికి కోపం వచ్చి ఆ ఏడంతా పాకం విరిచేస్తుంది. పోనీ కొరుకుదామా అంటే అసిరమ్మకు పళ్లేవీ? ఉమ్మలేక, కొరకలేక, "ఊఁ... ఊఁ..." అంటూ మూలన కూలబడింది.

నురగ లేచింది. పైడయ్య అప్ప వైపు చూశాడు. "ఊఁ!" మంట పెంచమనా? తగ్గించమనా? ఖర్మ! విసుగొచ్చి మంట వైపే చూశాడు. చూశాడు కాబట్టి పిప్పి లాగేశాడు. నురగ దిగింది. గవరమ్మ మడ్డి తీసింది. లచ్చన్న చల్లటి నీళ్లలో పాకం చుక్క వేసి వేళ్లతో నలిపాడు. ఉండ కట్టింది.

'ఇంకాస్త ఆగరా!' అని అసిరమ్మ గుండె కొట్టుకుంది. ఆగి ఉంటే మాడేది.

"దించండి!" అని అరిచాడు లచ్చన్న.

అచ్చుల్లో పోస్తే బెల్లం గట్టిగా, పసుపుపచ్చగా, మెరుస్తూ వచ్చింది. అప్పటికి కరిగింది అసిరమ్మ నోట్లోది.

"ఇంత పనొచ్చి ఇన్నాళ్లూ నా ప్రాణం తీశారేట్రా?"

"నువ్వే గదప్పా నేర్పావు" అంది గవరమ్మ. "సెయ్యనిస్తే గదా!"

 మర్నాడు పొయ్యి వెలిగించగానే, "గట్టిబెల్లం కావాల. తెలీపోతే అడగండి" అని, అసిరమ్మ తనే గడ్డ తీసి బుగ్గన పెట్టుకుంది. పోయేవరకూ అంతే. కళ్లు మాత్రం ఉరిమేవట!

ఇప్పటికీ ఆ వైపు కొత్త పొయ్యి వెలిగిస్తే, ముందు పాక పెద్ద బుగ్గన బెల్లం పెడతారు. దాన్ని అసిరమ్మ గడ్డ అంటారు. ఇళ్లలోనూ అంతే. కూర కోడలికి అప్పజెప్పి అత్త గుమ్మంలోంచి "ఉప్పేశావా?" అందా, లోపల్నించి వినిపిస్తుంది:

"బుగ్గన పెట్టుకో అత్తా!"