వార్డు సభలో వందన సమర్పణ

సభల్లో నేనెప్పుడూ ముందు వరుసలోనే కూర్చుంటాను. అది నా వినయం. వెనక కూర్చుంటే, "మీరిక్కడున్నారేమిటండీ, ముందుకు దయచేయండి" అంటూ నిర్వాహకులు శ్రమపడాలి. ఒకరికి శ్రమ కలిగించడం నాకు గిట్టదు. బడి మొహం సరిగా చూడకుండా, పొట్లాల కాగితాలు చదివి పైకొచ్చినవాణ్ణి. ఇలాంటి మర్యాదలు నాకెవరూ నేర్పలేదు, వాటంతటవే అబ్బాయి.

మా గురువు అప్పలాచారిగారికి ప్రశ్నకు జవాబు చెప్పే అలవాటు లేదు. అడిగినవాణ్ణి ఎక్కడికో పంపిస్తారు. ఒకనాడు ఆయన అరుగు మీద కూర్చుని అడిగాను: "గురువుగారూ, ఊరు పాడైందని అందరూ ఇళ్ళల్లో గొణిగేవాళ్ళే. జనమే సభకు వెళ్ళి నోరు విప్పితే బాగుపడదంటారా?"

ఆయన పొడుం పీల్చి, "ఆదివారం వార్డు సభ ఉందటగా. వెళ్ళి విప్పు" అన్నారు.

ఆ సభ ఎందుకంటే, కొత్త కాలనీ రోడ్ల మీద నిలిచే వాననీటిని కాలువ తవ్వి పల్లపువీధిలోకి వదలాలని మునిసిపాలిటీ వారి ఆలోచన. ఆ వీధి మొగలో గవరమ్మ ఇడ్లీలు వేసి అమ్ముతుంది. "ఆ నీరొస్తే నా పొయ్యి ఆరిపోద్ది బాబూ. నాను లేస్తే కూకోమంటారు. నువ్వయితే గట్టిగా అడగ్గలవు" అంది. అడుగుతానని మాటిచ్చాను. రిటైరైన హెడ్మాస్టరు జగ్గారావుగారు, మందుల షాపు కామేశం కూడా అడ్డు చెప్పడానికే బయల్దేరారు.

కౌన్సిలరు మమ్మల్ని చూసి కోప్పడలేదు. మైకు అందుకుని, "మన జగ్గారావు మాస్టారిని వేదిక నలంకరించవలసిందిగా కోరుతున్నాను" అన్నాడు. మాస్టారు అటూ ఇటూ చూసి ఎక్కారు. తరవాత కామేశం. తరవాత నేను. నా పేరుకు ముందు "స్వయంకృషితో పండితులైన" అని కూడా తగిలించాడు. మోకాళ్ళు వాటంతటవే లేచాయి. ఆ ఉక్కలో ఉన్ని శాలువాలు కప్పారు. కింద గవరమ్మా, ఆ వీధి ఆడవాళ్ళూ మిగిలారు.

కాలువ తీర్మానం చదివి, "అభ్యంతరాలుంటే చెప్పండి" అన్నాడు కౌన్సిలరు, వేదిక కిందికి చూస్తూ. గవరమ్మ నావైపు చూసింది. శాలువా కప్పిన మనిషిని అప్పటికప్పుడే కాదనడం ఏం మర్యాద? నేను మాస్టారి వైపు చూశాను. మాస్టారు కామేశం వైపు, కామేశం ఫ్యాను వైపు.

"బాబయ్యా, మా ఈది..." అంటూ గవరమ్మే లేచింది.

"కూర్చోమ్మా. మీ తరఫున వేదిక మీద పెద్దలున్నారు కదా!" అన్నాడు కౌన్సిలరు.

చప్పట్లతో తీర్మానం నెగ్గింది. కొట్టింది మేమే.

ఆఖరికి నాకూ మాట్లాడే అవకాశం వచ్చింది. వందన సమర్పణ. కౌన్సిలరుకూ, టెంటు వేసినవారికీ, మైకు సెట్టు సత్తిబాబుకూ, ఓపికగా కూర్చున్న పల్లపువీధి తల్లులకూ, ఎవరినీ మరవకుండా కృతజ్ఞతలు చెప్పాను.

దిగి వస్తుంటే గవరమ్మ, "నీ గొంతు బాగుంటాది బాబూ. మైకోడి పేరు కూడా సెప్పినావు" అంది.

కాలువ మాత్రం చెప్పిన గడువులోనే పూర్తిచేశారు. మా ఊళ్ళో అలా పూర్తయిన పని అదొక్కటే.

మొదటి పెద్దవానకు గురువుగారు, "పద. ఆ శాలువా కూడా తీసుకో" అన్నారు. పల్లపువీధిలో పిక్కల్లోతు నీళ్ళు. గవరమ్మ ఇంట్లోంచి గిన్నెతో ఎత్తిపోస్తోంది. పొయ్యి ఎక్కడుందో తెలియడం లేదు. గురువుగారు నా చేతిలో శాలువా తీసి ఆవిడకిచ్చారు. ఆవిడ దాన్ని చుట్టచుట్టి గడప దగ్గర కుక్కింది. ఉన్ని కాసేపు ఆపింది. ఆ తరవాత నీరు దాని కిందనుంచే దారి చేసుకుంది.

గురువుగారు పంచె పైకి దోపుకుంటూ, "నోరు విప్పితే చాలనుకున్నావు. అది ఎక్కడ కూర్చుని ఉందో కూడా చూసుకోవాలిరా" అన్నారు.

అర్థమైనట్టే తల ఊపాను. కానీ మైకులో నా పేరు పిలిస్తే లేవకుండా కూర్చోవడం ఎలాగో మాత్రం నాకింకా రాలేదు.