నక్క తొక్కిన ఇప్పపువ్వు

అనగనగా ఇప్పచెట్ల అడవి ఒకటి, పిల్లలూ. అక్కడ సీదరి అనే ఎలుగుబంటి ఉండేది. వేసవంతా తెల్లారకముందే లేచి, రాలిన ఇప్పపువ్వు ఏరి, బండమీద ఎండబెట్టేది. ఆ పువ్వు సంతలో ఇచ్చి రాగిపిండి తెచ్చుకోవాలి. వానల్లో ఇద్దరు పిల్లలకూ అదే తిండి.

ఏరేది సీదరి. సంతకు వెళ్ళేది మాత్రం మొగుడు బోడడు. ఇంటి యజమాని కదా మరి! షావుకారు నక్క "రండి దొరా" అని దొప్పెడు సారా పోసేది. బుట్ట పువ్వుకు బుట్ట పిండి అని ఒప్పందం. మూడు బుట్టల పువ్వు తీసుకెళ్ళిన బోడడు, ఒక్క బుట్ట పిండితో తూలుతూ వచ్చేవాడు. పోయిన వానల్లో చిన్నపిల్ల ఖాళీ కుండ నాకుతూ నిద్రపోయింది.

"ఈసారి నేనే వెళతా," అంది సీదరి.

"ఆడది సంతకెళితే నా పరువేం కావాలే?"

"నీ పరువు వండితే పిల్లలకు ఎన్ని ముద్దలొస్తాయి?"

బోడడు గొణుక్కుంటూ వెనకాలే నడిచాడు.

సంతలో సీదరి నక్క కొలతబుట్ట నిండా పువ్వు పోసింది. నక్క అందులోకి దూకి దబదబా తొక్కింది. పువ్వు అడుగుకు దిగిపోయింది.

"ఇంకా పోయాలి," అంది నక్క. రెండో బుట్ట పోస్తే మళ్ళీ తొక్కింది. మూడోదీ పోశాక, "ఇప్పుడు ఒక బుట్ట అయింది," అంది. తర్వాత పిండిని పైనుంచి పొడిపొడిగా, దూదిలా రాల్చింది. "ఇదిగో నీ బుట్ట!"

సీదరి కాలు శుభ్రంగా కడుక్కుంది. ఆ కాలు పిండిలో పెట్టి ఒక్క తొక్కు తొక్కింది. పిండి సగానికి దిగింది.

"అయ్యయ్యో, ఇదేం పని!"

"నీ పద్ధతే మామా. ఇంకా పోయాలి."

"మీ ఆయన ఏనాడూ ఇలా అడగలేదే!"

"తాగినోడికి బుట్టెక్కడ కనపడుతుంది?"

వెనక నిలబడ్డ ఆడకుందేలు కిసుక్కుమంది. "అక్కా, నేను తేలిక. నా పిండి కూడా నువ్వే తొక్కిపెట్టు!"

"మాకూ, మాకూ!" అంటూ నెమలీ ముంగిసా ముందుకొచ్చాయి.

నక్క తన పిండి బస్తాలకు అడ్డంగా నిలబడింది. "వద్దు తల్లీ! ఇకమీదట ఎవరమూ తొక్కొద్దు."

"అలా రా దారికి. నేను పోసింది మూడు బుట్టలు. మూడూ కొలిచి పెట్టు."

నక్క మూడూ నిండుగా కొలిచి పెట్టింది. సీదరి తలెత్తుకుని ముందు నడిచింది. బోడడు పిండి మోస్తూ వెనక నడిచాడు. పై వారం సంతకు అడవిలోని ఆడవాళ్ళంతా ఎవరి బుట్ట వాళ్ళే నెత్తికెత్తుకుని, పాడుకుంటూ బయలుదేరారు.

నీతి: ఏరిన చేతులే కొలత దగ్గరా ఉండాలి. అప్పుడే అడవి ఇచ్చింది ఇంటికి చేరుతుంది.