కొర్రకోట పొగ చీటీ

ఈ కథ నమ్మనివాళ్ళు ఎవరైనా ఉంటే ఇప్పుడే చెయ్యెత్తండి. కథ అయ్యేసరికి ఆ చెయ్యి ఎక్కడ దాచుకోవాలో తెలియక తికమకపడతారు, నాకేం.

కొర్రకోట సంస్థానాన్ని సోమభూపాలుడు ఏలుతున్న రోజులు. దసరా ఊరేగింపులో ఎవరిదో మోటారు దగ్గి, రాజావారి తెల్ల పట్టు అంగీ మీద ఇంత మసి ఊసింది. ఏడుగురు చాకళ్ళు ఏడు రేవుల్లో ఏడు రోజులు ఉతికారు. ఏరు నల్లబడింది గాని అంగీ తెల్లబడలేదు.

రాజావారికి కోపం వచ్చింది. కోపంలోంచి చట్టం వచ్చింది.

"పాత కారు కొన్నవాడు పొగ చీటీ పుచ్చుకోవాలి. తోక గొట్టం దగ్గర తెల్లగుడ్డ పట్టి నూరు లెక్కపెట్టండి. గుడ్డ నల్లబడిందా, కారు జప్తు."

చీటీలిచ్చే పదవి దివానుగారి బామ్మర్ది భుజంగరావుకి దక్కింది. ఆయన అర్హత ఆయన ముక్కు. బానెట్టు ఎత్తకుండానే, ఒక్క వాసనతో బండి జాతకం మొత్తం చెప్పేస్తారని ప్రతీతి. ఆ ప్రతీతి పుట్టించింది కూడా ఆయనే.

పక్క పట్నంలో ఆ చట్టం లేదు. అక్కడ పాత కార్లు చవక. కాని విచిత్రం చూడండి, అక్కడినుంచి వచ్చిన ప్రతి కారూ భుజంగరావు గుడ్డని నల్లగా చేసేది. ఆయన సొంత షెడ్డులో అమ్మకానికున్న డొక్కు కార్లు మాత్రం, కాకులు దారి తప్పేంత పొగ కక్కుతూ కూడా, గుడ్డని మల్లెపువ్వులా ఉంచేవి. దాంతో జనం మూడింతలు పోసి ఆయన దగ్గరే కొనేవాళ్ళు. అమ్మేవాడికి ఇంత మేలు చేసిన చట్టం భూమ్మీద ఇంకోటి లేదు.

ఇలా ఉండగా మంత్రసాని ఎర్నమ్మ కాసులపేరు అమ్మి, పక్క పట్నంలో ఓ పాత కారు కొంది. పన్నెండు కొండగూడేలకి ఆవిడొక్కతే దిక్కు. కిందటి నెల ఎడ్లబండి మీద వెళ్ళేసరికి ఆలస్యమై, ఓ బిడ్డ దక్కలేదు. అందుకే కారు.

గుడ్డ నల్లబడింది. శుక్రవారం జప్తు.

ఆ గుడ్డ పట్టుకుని ఆవిడ నేరుగా కోదండం దగ్గరికి వచ్చింది. కోదండం రాజావారికి హుక్కా అమర్చేవాడు. పొగ వాసన చూసి అది ఏ ఊరి పొగాకో, ఆ పొలం రైతుకి ఎంతమంది కూతుళ్ళో కూడా చెప్పగలడు. గుడ్డని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"అత్తా, ఇందులో పెట్రోలు వాసనే లేదు. ఇది ఆముదం కాటుక."

"అయితే రాజుగారితో చెప్పరా అల్లుడా."

"దివాను బామ్మర్ది ముక్కు ముందు హుక్కావాడి ముక్కు చెల్లుతుందా? నీ బండి ఒక రోజు నాకొదిలెయ్యి. కమ్మరిచేత విప్పిస్తాను."

"మళ్ళీ బిగిస్తారా?"

"బిగిస్తాంలే. ముందు విప్పనీ."

ఆ సాయంత్రం హుక్కా అందిస్తూ కోదండం మెల్లగా అన్నాడు. "ప్రభూ, భుజంగరావుగారి ముక్కు మహిమ ఊరంతా చూసింది. తమరే చూడలేదు. శుక్రవారం జప్తుకి ముందు, కోట ముంగిట్లో ఇంకొక్కసారి చూపించమంటే బాగుంటుందేమో."

ఈ మాట విని భుజంగరావు ఎంత ఉబ్బాడంటే, మర్నాడు దర్జీ మూడుసార్లు కొలతలు మార్చాడు.

శుక్రవారం కోట ముందు జనం, ముందు వరసలో రాజావారు. కారులో నడిపేవాడి చోట కోదండం, భుజం మీది తువ్వాలు ముఖానికి అడ్డంగా వేసుకుని కూర్చున్నాడు. భుజంగరావు అత్తరు రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని వచ్చి, అలవాటు ప్రకారం తిన్నగా తోక దగ్గరికి నడిచాడు. కారు ముఖం వైపు కన్నెత్తి చూడలేదు. చూడటం ఆయన స్థాయికి తక్కువ.

"ఇంజను వెయ్యరా."

గుడగుడగుడగుడ. ఆ మోతకి కోట ఏనుగు దారిచ్చి పక్కకి తప్పుకుంది.

భుజంగరావు వెండిపెట్టెలోంచి తెల్లగుడ్డ తీసి, నూరు లెక్కపెట్టి, పైకెత్తాడు. గుడ్డ అమావాస్యలా ఉంది.

"ఏం పొగ ప్రభూ. నా కళ్ళు మండిపోతున్నాయి."

కోదండం దిగి చేతులు కట్టుకున్నాడు.

"అయ్యా, ఈ మసి ఈ బండి ఇంజనుదేనంటారా?"

"ఇంజనుది కాక మీ తాతదా?"

"ఆ ముక్క రాసిస్తే పడుంటుంది."

భుజంగరావు రాసి, కింద పెద్ద సంతకం కూడా గీశాడు. కోదండం రాజావారి వైపు తిరిగాడు.

"ప్రభూ, బానెట్టు తమరి చేత్తోనే ఎత్తండి."

రాజావారు ఎత్తారు. చాలాసేపు లోపలికి చూశారు.

"కోదండం, ఇది నా వెండి హుక్కా కదురా."

"చిత్తం. నిప్పు వెయ్యలేదు, ఉత్త నీళ్ళే. గొట్టం నా తువ్వాలు చాటున పెట్టుకుని ఊదాను."

"మరి ఇంజనేదీ?"

"నిన్నటినుంచి కమ్మరి కొలిమి దగ్గరుంది ప్రభూ. బండిని రాత్రే ఎడ్లచేత లాగించి ఇక్కడ నిలబెట్టాం."

భుజంగరావు రుమాలు కిందపడింది. కోదండం వంగి తీసి, ఎంతో వినయంగా ఆయన చేతికిచ్చి అన్నాడు:

"ఇంజను లేనప్పుడే ఇంత నలుపు. ఇది బండిదో, గుడ్డ పట్టిన చేతిదో, ప్రభువులే వాసన చూసి చెప్పాలి."

రాజావారు చూశారు. ఆముదం కాటుక. భుజంగరావు బొటనవేలు కూడా చూశారు, గోటి కింద అదే కాటుక. ఆపైన రాజావారు నవ్విన నవ్వుకి కోట బురుజు పెచ్చులూడాయి, ఇప్పటికీ ఆ పెచ్చులు అతికించలేదు.

ఆ మధ్యాహ్నమే ఇంజను బిగించి, రాజావారే గుడ్డ పట్టారు. తెల్లగానే ఉంది. ఎర్నమ్మకి చీటీ, కోదండానికి పొగాధికారి పదవి దక్కాయి. భుజంగరావు షెడ్డు మొత్తం జప్తు. అంత గొప్ప ముక్కు వృథా కాకూడదని, ఊరేగింపుల్లో ప్రతి మోటారు వెనకా నడిచే ఉద్యోగం ఆయనకే ఇచ్చారు. తెల్లబట్టలు సంస్థానం ఖర్చు.

ఇంకా ఎత్తిన చెయ్యి దించలేదా? ఆ వారమే కొండదారిలో, ఆ కారు వెనకసీట్లో, ఎర్నమ్మ చేతుల్లో పుట్టినవాడొకడు ఉన్నాడు. పుడుతూనే ఏడవలేదు, హారను కొట్టాడు. వెళ్ళి అడగండి, కొర్రకోటలో ఎవరైనా ఇల్లు చూపిస్తారు. పేరు మోటారు సన్యాసి.